ప్లగ్-ఇన్ హైబ్రిడ్ లగ్జరీ సెడాన్ టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలి: నల్గొండ, పాలమూరు వాళ్ల కోసం

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే ప్లగ్ పెట్టి ఛార్జింగ్ చేసుకుని కొంత దూరం కరెంటు మీద, అది అయిపోయాక పెట్రోలు మీద నడిచే కారు. వీటి గురించి ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే ప్రశ్న. "అన్నా, షోరూమోళ్లు ఒక రౌండు తిప్పించిన్రు, సప్పుడు లేదు, మస్తుగుంది, బుక్ చేయమంటవా?" జవాబు కూడా ప్రతిసారీ ఒకటే. ఆ రౌండులో మీరు నడిపింది సగం కారే. నిండా ఛార్జింగ్‌తో, బంజారాహిల్స్ సందుల్లో, చల్లటి ఏసీలో కారు ఎలా ఉంటుందో చూశారు. మిగతా సగం హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చే దారిలో, బ్యాటరీ అయిపోయాక బయటపడుతుంది. మనకు అటు నల్గొండైనా ఇటు మహబూబ్‌నగరైనా దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో ఉండే బ్యాటరీ అంత దూరం రాదు. కాబట్టి ఖాళీ బ్యాటరీతో నడిపి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. కింద రాసిందంతా దాని చుట్టూనే.

ముందు ఒక విషయం తేల్చుకోండి, మీరు చూస్తున్నది నిజంగా ప్లగ్-ఇన్ హైబ్రిడ్డేనా? డిక్కీ మీద హైబ్రిడ్ అని ఉన్నంత మాత్రాన కాదు. టయోటా కామ్రీ హైబ్రిడ్డే, కానీ దానికి ఛార్జింగ్ పెట్టే అవకాశమే లేదు, నడుస్తూ తనే నింపుకుంటుంది. 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ అని చెప్పేవైతే మోటారుతో ఇంజిన్‌కు కాస్త సాయం చేస్తాయంతే. ఛార్జింగ్ మూత, పెట్రోలు మూత రెండూ ఉంటేనే ఈ వ్యాసం మీకు పనికొస్తుంది. మన దేశంలో అలాంటి సెడాన్లు తక్కువే. 2024 నవంబరులో బీఎండబ్ల్యూ ఎం5 1.99 కోట్లకు, మెర్సిడెస్ ఏఎంజీ సీ63 ఎస్ ఈ పెర్ఫార్మెన్స్ 1.95 కోట్లకు వచ్చాయి, అవి అప్పటి ఎక్స్ షోరూమ్ ధరలు. అదే ఏడాది మే నెలలో ఏఎంజీ ఎస్63 3.30 కోట్లకు వచ్చింది. వాడిన బండ్లలో అయితే 2019లో వచ్చిన బీఎండబ్ల్యూ 745ఎల్ఈ దొరుకుతుంది.

వీటి బ్యాటరీలు ఒకదానికొకటి పోలిక లేనంత తేడా. ఎం5లో వాడకానికి వచ్చేది 18.6 యూనిట్ల కరెంటు (బిల్లులో ఉండే యూనిట్లే), కంపెనీ లెక్కలో 69 కిలోమీటర్ల దాకా కరెంటు మీద పోతుంది. ఎస్63లో 13.1 యూనిట్లు, 33 కిలోమీటర్లు. సీ63లో 6.1 యూనిట్లే, 13 కిలోమీటర్లు, అంటే ఎల్బీ నగర్‌లో బయల్దేరితే పెద్ద అంబర్‌పేట వచ్చేసరికి అయిపోతుంది. సీ63లో బ్యాటరీ ఉన్నది పెట్రోలు మిగల్చడానికి కాదు, దూకుడు కోసం. ఇది తెలియక "ప్లగ్-ఇన్ అంటే కరెంటు మీద తిరగొచ్చు" అనుకుని పోయేవాళ్లు చాలామంది.

వెంట తీసుకెళ్లాల్సినవి

డ్రైవింగ్ లైసెన్స్ ఒరిజినల్. కొలిచే టేపు. ఫోను, దాంట్లో స్టాప్‌వాచ్. ఒక నోటు పుస్తకం, రాయడానికి పక్కన ఒక మనిషి (నడిపేవాళ్లు తెర చూసుకుంటూ రాసుకోవద్దు, దయచేసి). రేపు వెనక సీట్లో కూర్చోబోయే వాళ్లు, అంటే అమ్మానాన్న, మామగారు, ఎవరైతే వాళ్లు. మీరు నిజంగా వాడే పెద్ద సూట్‌కేసు ఒకటి, కుదిరితే పాతిక కిలోల బియ్యం బస్తా కూడా. సేల్స్ కుర్రాడు నవ్వినా సరే. ఇంటి కరెంటు బిల్లు, కారు పెట్టే చోట ఉన్న సాకెట్ ఫొటో.

1. ముందే ఫోన్ చేసి మూడు మాటలు ఖాయం చేసుకోండి

ఒకటి, కారు నిండా ఛార్జింగ్‌తో ఉండాలి. రెండు, కనీసం యాభై అరవై కిలోమీటర్లు తిప్పనివ్వాలి. మూడు, దారి మనం చెప్పాలి. "పది కిలోమీటర్లే సార్, పాలసీ" అంటే గొడవ పడొద్దు, రెండుసార్లు ఇవ్వమనండి: ఒకసారి నిండా ఛార్జింగ్‌తో, ఇంకోసారి వేరే కస్టమర్ తిప్పేశాక ఖాళీగా ఉన్నప్పుడు. దీనికి సాధారణంగా కాదనరు, ఎందుకంటే ఖాళీ కారు వాళ్లకు ఎలాగూ ఉత్తగా నిలబడి ఉంటుంది.

ఇంకా మంచి దారి ఉంది. కారును నల్గొండకో మహబూబ్‌నగర్‌కో తీసుకురమ్మనండి. ఈ ధరలో కార్లు అమ్మేవాళ్లు ఇంటికి పంపే అలవాటు ఉన్నవాళ్లే, గట్టిగా అడిగితే చాలాసార్లు పంపుతారు. వంద కిలోమీటర్లు వచ్చేసరికి బ్యాటరీ దానంతటదే ఖాళీ అవుతుంది, మనక్కావాల్సింది అదే. ఒక్కటి చెప్పండి, దారిలో "బ్యాటరీ హోల్డ్" లాంటి మోడ్‌లో పెట్టి ఛార్జింగ్ దాచి తీసుకురావద్దని.

కాలం విషయం కూడా. డిసెంబరు పొద్దున నడిపితే ఏ కారైనా బాగుంటుంది. మీకు వీలుంటే ఏప్రిల్, మే నెలల్లో, మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టుకోండి. మన దగ్గర ఎండ 44, 45 దాకా పోతుంది కదా, ఏసీ ఫుల్‌లో నడిస్తే బ్యాటరీ ఎంత తింటుందో అప్పుడే తెలుస్తుంది.

2. సంతకం పెట్టే ముందు ఆ కాగితం చదవండి

టెస్ట్ డ్రైవ్ ఫారంలో బండికి ఏమన్నా అయితే ఎవరు కట్టాలో రాసి ఉంటుంది. ఇన్సూరెన్స్ ఉందా, దాంట్లో మన చేతి నుంచి పడేది ఎంత, టైరు రిమ్ము వంగితే ఎవరిది బాధ్యత, అడిగి తెలుసుకోండి. ఎం5కు వెనక 21 అంగుళాల చక్రాలు, టైరు పక్క గోడ సన్నగా ఉంటుంది, గుంతలో పడితే ఖర్చు చిన్నదేం కాదు. తర్వాత కారు చుట్టూ ఫోనుతో వీడియో తీయండి, గీతలన్నీ పడేటట్టు.

3. స్టార్ట్ చేయకముందు పది నిమిషాలు

డిక్కీ తెరవండి. బ్యాటరీ వెనక పెట్టడం వల్ల కొన్నింటిలో చోటు బాగా తగ్గిపోతుంది. ఎం5లో 466 లీటర్లు ఉంది, సీ63లో 280 దగ్గరే. సూట్‌కేసు, బస్తా పెట్టి మూత వేసి చూడండి, ఛార్జింగ్ కేబుల్ సంచి కూడా లోపల ఉంచే. చాలామంది కేబుల్ సంగతి మర్చిపోతారు, అదొక్కటే ఒక బ్యాగంత చోటు తీసుకుంటుంది. స్టెప్నీ ఉందో లేదో అడగండి, లేకపోతే పంక్చర్ కిట్ ఉందా, రన్‌ఫ్లాట్ టైర్లా (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) అన్నది రాసుకోండి. రాత్రి పదకొండింటికి దామరచర్ల దగ్గర టైరు పగిలితే ఏం చేస్తారన్నది ఇప్పుడే ఆలోచించాలి.

పెద్దవాళ్లను వెనక కూర్చోబెట్టి దింపండి. సెడాన్ కిందికి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఎక్కడం కంటే దిగడానికే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఇది కుదరకపోతే మిగతా టెస్టంతా దండగ.

ఇక డ్యాష్‌బోర్డు ఫొటో తీయండి: ఓడోమీటర్, బ్యాటరీ శాతం, మిగిలిన కరెంటు దూరం, పెట్రోలు ముల్లు. ట్రిప్ మీటర్ సున్నా చేయండి.

4. మొదట కరెంటు మీదే

ఎలక్ట్రిక్ మోడ్ పెట్టి ట్రాఫిక్‌లోకి వెళ్లండి. పాటలు బంద్, ఏసీ ఆన్. మెల్లగా తొక్కుతూ ఎంత నొక్కితే ఇంజిన్ లేస్తుందో గమనించండి. చాలా కార్లలో పెడల్ చివర ఒక గట్టి మెట్టు తగులుతుంది, అది దాటితే ఎలక్ట్రిక్ మోడ్‌లో ఉన్నా ఇంజిన్ అందుకుంటుంది. అది తప్పు కాదు. మామూలుగా ఆటోను దాటడానికి తొక్కినప్పుడు కూడా లేస్తుంటే మాత్రం రాసుకోండి.

జాగ్రత్త: కారు నడుస్తున్నట్టు బయటవాళ్లకు సరిగా వినపడకపోవచ్చు. పార్కింగ్‌లో, బడి దగ్గర, మార్కెట్‌లో మనుషులు పక్కకు జరగకపోవచ్చు. హారన్ మీద చెయ్యి ఉంచండి.

పదిహేను కిలోమీటర్లయ్యాక బ్యాటరీ శాతం ఎంత పడిందో చూడండి. తెర మీద "ఇంకా 48 కిలోమీటర్లు" అని చూపించేది నమ్మకండి, అది వెనకటి వాళ్లు నడిపిన తీరును బట్టి వేసిన అంచనా. శాతం, కిలోమీటర్లు, ఈ రెండింటితోనే లెక్క కట్టండి. 30 శాతానికి 15 కిలోమీటర్లు వచ్చిందంటే మొత్తానికి 50.

5. కరెంటు నుంచి ఇంజిన్‌కు మారే క్షణం

నా దృష్టిలో కారు మంచి చెడ్డలు ఎక్కువగా తెలిసేది ఇక్కడే, అందుకే కొంచెం ఓపిక పట్టండి. హైబ్రిడ్ మోడ్‌లో పెట్టండి. ఖాళీ రోడ్డు మీద 40 నుంచి 80 దాకా రకరకాలుగా తొక్కండి, ఒకసారి మెల్లగా, ఒకసారి మధ్యస్థంగా, ఒకసారి తొక్కి వదిలేసి మళ్లీ వెంటనే తొక్కి. మూడోది ముఖ్యం. లారీని దాటబోయి ఎదురుగా బండి వస్తే ఆగి, అది పోగానే మళ్లీ దాటతాం కదా, మన రోడ్ల మీద రోజూ చేసే పనే. అప్పుడు ఇంజిన్ లేవాలా వద్దా అని కారు తటపటాయిస్తే అర సెకను జాప్యం, ఆ తర్వాత ఒక కుదుపు వస్తుంది. వెనక కూర్చున్న వాళ్లను కళ్లు మూసుకుని "ఇప్పుడు" అనమనండి, ఇంజిన్ లేచినట్టు అనిపించిన ప్రతిసారీ. నడిపేవాళ్లకు చప్పుడు వినిపిస్తుంది, వెనకవాళ్లకు ఒంటికి తెలుస్తుంది. వాళ్లు ఎన్నిసార్లు "ఇప్పుడు" అన్నారో రాయించండి.

స్పోర్ట్ మోడ్‌లో ఇంజిన్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఈ లోపం కనపడదు. సేల్స్ వాళ్లు మొదట స్పోర్ట్ మోడ్‌లోనే పెట్టిస్తారు చూడండి, ఎం5 అయితే 727 హార్స్‌పవర్ అంటూ. దాన్ని చివర్లో చూద్దాం అనండి.

6. బ్రేకులు

వీటిలో బ్రేకు తొక్కితే ముందు మోటారు డైనమోలాగా పనిచేసి బ్యాటరీ నింపుతుంది, ఆ తర్వాత అసలు బ్రేకులు పట్టుకుంటాయి. ఆ రెండూ కలిసే చోట కొన్ని కార్లు చివరి పది కిలోమీటర్ల వేగంలో ఒక్కసారి తల ఊగేటట్టు ఆగుతాయి. సిగ్నల్ దగ్గరికి మెల్లగా వచ్చి, నీళ్ల గ్లాసు ఒలకకుండా ఆపినట్టు ఆపడానికి ప్రయత్నించండి. ఐదారు సార్లకు మీ కాలు అలవాటు పడితే సరే, పడకపోతే రోజూ విసుగే.

ఏఎంజీల్లో ఈ నింపుకునే బలాన్ని నాలుగు స్థాయిల్లో మార్చుకోవచ్చు, అన్నీ చూడండి. బ్యాటరీ నిండా ఉన్నప్పుడు నింపుకోవడానికి చోటు ఉండదు కాబట్టి అప్పుడు బ్రేకు తీరు వేరుగా ఉంటుంది. మొదటి కిలోమీటరులోనే "ఇది బాగోలేదు" అని తేల్చేయకండి, బ్యాటరీ సగానికి వచ్చాక మళ్లీ చూడండి. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ తరచుగా దిగేవాళ్లకు బ్రేకుతో బ్యాటరీ నింపుకోవడం బాగా పనికొచ్చే వసతి. అక్కడే నడిపి చూస్తామంటే అమ్రాబాద్ అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుందని గుర్తుంచుకోండి.

7. ఖాళీ బ్యాటరీతో హైవే

ఇప్పటికి ఛార్జింగ్ బాగా తగ్గి ఉంటుంది. ఇంకా ఉంటే ఎలక్ట్రిక్ మోడ్‌లోనే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి అయిపోయేదాకా నడపండి. నల్గొండ వాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి 65వ నంబరు హైవే మీద పంతంగి టోల్ ముందుదాకా వెళ్లి తిరిగి రండి. పాలమూరు వాళ్లు శంషాబాద్ నుంచి 44 మీద షాద్‌నగర్ వైపు. కారు మీ ఇంటికే వచ్చుంటే ఇంకా సులువు, మిర్యాలగూడ రోడ్డో, మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర వైపో చాలు.

బ్యాటరీ సున్నా చూపించినా లోపల కొంత దాచుకుంటుంది, కాబట్టి కారు ఆగిపోదు, భయపడకండి. ఇప్పుడు ట్రిప్ మీటర్ మళ్లీ సున్నా చేయండి. అందరూ చేసే పొరపాటు ఇక్కడే, మొదటి నుంచీ ఉన్న ట్రిప్ చూసి "లీటరుకు ముప్పై ఇస్తోంది" అని మురిసిపోతారు. అందులో సగం దూరం కరెంటు మీద వచ్చింది, లీటరు లెక్కలోకి రాకూడదు. ఖాళీ బ్యాటరీతో మొదలుపెట్టి, ఖాళీ బ్యాటరీతోనే ముగించిన ఇరవై ముప్పై కిలోమీటర్ల అంకె ఒక్కటే అసలుది. ఎం5 బరువు 2,400 కిలోలు దాటుతుంది, ఆ బరువునంతా అప్పుడు పెట్రోలే మోయాలి. దారిలో "ఛార్జ్" మోడ్ పెట్టొద్దు, ఇంజిన్‌తో బ్యాటరీ నింపితే పెట్రోలు ఇంకా తాగుతుంది, అంకె పాడవుతుంది.

60 నుంచి 100కు ఎన్ని సెకన్లు పట్టిందో పక్కనున్న వాళ్లతో స్టాప్‌వాచ్ పెట్టించండి. నిండా ఉన్నప్పుడు ఒకసారి, ఇప్పుడు ఒకసారి. తేడా ఒళ్లు తెలిసేంత ఉంటే, మీరు డబ్బు పెట్టి కొంటున్న ఆ బలం మీ దారిలో సగం సేపు ఉండదన్నమాట. వేగం విషయంలో పంతానికి పోవద్దు. ఓఆర్ఆర్ మీద పరిమితి 120, హైవేల మీద కెమెరాలున్నాయి, చలానా షోరూమ్ పేరు మీద వచ్చినా కట్టేది మీరే.

8. ఊరి రోడ్డు

నలుగురు కూర్చుని, డిక్కీలో సామానుతో, ఊళ్లో వాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద మెల్లగా, కొంచెం ఐమూలగా ఎక్కించి దించండి. కింద తగిలిందా? షోరూమ్‌లో ఒక్కరే కూర్చుని దాటితే తగలదు. కోతల కాలంలో రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోసి ఉంటాయి, అప్పుడు కారును మట్టి పక్కకు దించాల్సి వస్తుంది, రోడ్డు అంచు ఎత్తు ఎంతుందో టేపుతో కొలిచి కారు ముందు భాగం ఎత్తుతో పోల్చుకోండి. మీ ఇంటి గేటు ర్యాంపు కూడా అంతే.

9. ఇంట్లో ప్లగ్ పెట్టి చూడటం

కారు ఇంటికి వచ్చిన వాళ్లకు ఇది తప్పనిసరి. రాని వాళ్లు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. 15 యాంప్స్ సాకెట్‌కు పెడితే గంటకు 2.3 యూనిట్ల చొప్పున ఎక్కుతుంది, ఎం5 నిండటానికి దాదాపు తొమ్మిది గంటలు, అంటే రాత్రంతా. 7.4 కిలోవాట్ల వాల్ బాక్సు (గోడకు బిగించే ఛార్జరు) పెడితే మూడు గంటలు. దానికి ముందు కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) ఎంతుందో చూసుకోండి, చాలకపోతే కరెంటు సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌లో పెంచమని దరఖాస్తు పెట్టాలి. సీ63, ఎస్63లు 3.7 కిలోవాట్లకు మించి తీసుకోవు కాబట్టి వాటికి పెద్ద వాల్ బాక్సు కొనడం వృథా.

ప్లగ్ పెట్టగానే ఎర్ర లైటు వస్తే చాలాసార్లు కారుది కాదు తప్పు, ఇంటి ఎర్తింగ్‌ది. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులు మించి వస్తుందేమో మీటరుతో చూపించండి. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది, నీళ్లు పోసి మళ్లీ చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దే వద్దు, గంటల తరబడి లోడు పడితే కరిగిపోతుంది. అరగంట అయ్యాక ప్లగ్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, పట్టుకోలేనంత వేడిగా ఉంటే తీసేసి వైరు మార్పించండి.

"దారిలో హోటళ్ల దగ్గర ఫాస్ట్ ఛార్జర్లు ఉన్నాయిగా" అని అడిగేవాళ్లకు: అక్కడ ఉండేవి ఎక్కువగా ఎలక్ట్రిక్ కార్ల డీసీ గన్నులు, అంటే వేగంగా నింపే పెద్ద ప్లగ్గులు. పైన చెప్పిన సెడాన్లు వేటికీ అవి పట్టవు. వీటికి పట్టే టైప్ 2 ఏసీ పాయింటు (మెల్లగా నింపే మామూలు ప్లగ్) దొరికినా టీ తాగేలోపు ఎక్కేది కొంచెమే.

10. వచ్చాక లెక్క

మీరు రాసుకున్న అంకెలతోనే వేయండి. ఉదాహరణకు ఖాళీ బ్యాటరీతో లీటరుకు 9 వచ్చిందనుకోండి, పెట్రోలు 107 రూపాయల లెక్కన కిలోమీటరుకు 12 పడుతుంది. ఎం5కు నిండా ఛార్జింగ్‌కు నష్టాలతో కలిపి 21 యూనిట్లు, పై స్లాబులో యూనిట్ 10 రూపాయలు, మొత్తం 210. దానికి 50 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు నాలుగు రూపాయల పైచిలుకు. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్లకు రోజూ పోయి వచ్చేవాళ్లకు రానూపోనూ కరెంటు మీదే అయిపోతుంది. నల్గొండలో ఉండి మిర్యాలగూడలో మిల్లు ఉన్నవాళ్లకు ఒక వైపు వస్తుంది, మిల్లులో త్రీ ఫేజ్ ఉంటుంది కాబట్టి అక్కడ 11 కిలోవాట్ల పాయింటు పెట్టుకుంటే ఎం5 రెండు గంటల్లో నిండుతుంది, తిరుగు ప్రయాణం కూడా కరెంటే. వారానికి మూడుసార్లు హైదరాబాద్ పోయి రావడమే మీ పనైతే ఈ రకం కారు మీకు కాదు, మామూలు పెట్రోలో, పూర్తి ఎలక్ట్రిక్కో చూసుకోండి. నా మాట కటువుగా ఉండొచ్చు కానీ లెక్క అదే చెబుతుంది.

ధర కాగితం తీసుకున్నప్పుడు జీఎస్టీ, రోడ్ ట్యాక్స్ వరుసలు విడివిడిగా చూడండి. పూర్తి ఎలక్ట్రిక్ కార్లకు జీఎస్టీ 5 శాతం, వీటికి 40. "ఎలక్ట్రిక్‌లాగే ట్యాక్స్ మాఫీ సార్" అని ఎవరన్నా నోటిమాటగా అంటే, అదే మాట కొటేషన్ మీద రాసి స్టాంపు వేయమనండి.

వాడిన 745ఎల్ఈ లాంటిది చూస్తున్నవాళ్లు ఒక పని అదనంగా చేయాలి. బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా నడిపి, ప్లగ్‌కు సబ్ మీటరు పెట్టి నిండేదాకా ఎన్ని యూనిట్లు తిందో చూడండి. అది 12 యూనిట్ల బ్యాటరీ. ఏడెనిమిది యూనిట్లకే నిండిపోయిందని చూపిస్తే బ్యాటరీ అలిసిపోయిందని అర్థం, కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి బ్యాటరీ రిపోర్టు, మిగిలిన వారంటీ తేదీ చేతికి వచ్చేదాకా బేరం మొదలుపెట్టకండి.